మూడో వేలు

పెద్దమేస్త్రికి మాట పడిపోయిన రోజు నుంచీ ఆ బండ్ల షెడ్డులో ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. హాయిగా ఉండి ఉంటుందిలే అనుకుంటున్నారేమో, ఆ మాట చిన్నమేస్త్రి ముందు మాత్రం అనకండి. పొద్దున్నే షట్టరు ఎత్తగానే "ఏరా, ఇప్పుడా తెల్లారింది నీకు?" అన్న కేక వినపడకపోతే అతనికి తెల్లారినట్టే ఉండదు. ఇప్పుడు షట్టరు ఎత్తుతాడు, కాసేపు అలాగే నిలబడతాడు, ఎవరూ ఏమీ అనరు. ఇంక చేసేదేముంది, లోపలికెళ్ళి చీపురు పట్టుకుంటాడు.

ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళే. పెద్దవాడు ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. చిన్నవాడు ఆయన అడిగిన పానా అందించేవాడు. "చిన్నమేస్త్రి" అని ఎవరో వెటకారానికి అన్నారు, అదే పేరై కూర్చుంది. జుట్టు నెరిసింది, పళ్ళు కదిలాయి, ముందున్న ఆ 'చిన్న' మాత్రం ఊడలేదు. పట్టుకోమంటే పట్టుకున్నాడు, విప్పమంటే విప్పాడు, బిగించమంటే బిగించాడు. బోల్టు బిగించడంలో అతనికి సాటి లేరని అన్న కూడా ఒప్పుకునేవాడు, అదీ ఇతను పక్కన లేనప్పుడు. కానీ ఏ బోల్టు, ఎంత బిగువు, ఏ సామాను వెయ్యాలి అన్న మాట మాత్రం ఎప్పుడూ అన్నదే. జన్మలో తనంతట తానుగా ఒక్క వాషరు కూడా ఎంచినవాడు కాదు.

బండి పరీక్షించేటప్పుడు కూడా అంతే. చిన్నమేస్త్రి స్టీరింగు ముందు కూర్చునేవాడు. పెద్దమేస్త్రి బానెట్టు ఊడదీసిన ఇంజన్ ముందు నిలబడి, చెవి వంచి, కుడిచెయ్యి గాల్లో పెట్టేవాడు. ఆ చప్పుడులో మాటలెక్కడ వినపడతాయి? చెయ్యి పైకి లేస్తే యాక్సిలరేటర్ తొక్కాలి, ఇంకా లేస్తే ఇంకా తొక్కాలి, దిగితే వదలాలి. ఆ చెయ్యికీ ఈ కాలికీ మధ్య కనపడని తీగేదో ఉన్నట్టుండేది. ఎందుకు, ఎంత అని చిన్నమేస్త్రి ఆలోచించిన పాపాన పోలేదు. చెయ్యి లేచిందా, కాలు దిగిందా, అంతే.

అలాంటి చెయ్యి పడిపోయింది. బూట్ల తాడు కట్టుకుందామని వంగిన మనిషి మళ్ళీ లేవలేదు. పక్షవాతం కుడివైపంతా లాగేసింది, నోరు కట్టేసింది. పోనీ ఎడం చెయ్యి ఉంది కదా అంటారా, అది ఏనాడో రేడియేటర్ ఫ్యానుకి బలైపోయింది. బొటనవేలు తప్ప మిగతావన్నీ మొదళ్ళే. "వెతికి వెతికి మంచి చేతినే పట్టుకుందయ్యా ఈ మాయదారి జబ్బు" అని వదిన నెత్తి కొట్టుకుని ఏడ్చింది. తల ఆడుతుంది గానీ దానికీ ఒక దారీ తెన్నూ లేదు. నీళ్ళు కావాలా అంటే అడ్డంగా ఊపుతాడు, వద్దా అన్నా అడ్డంగానే ఊపుతాడు. లోపల మనిషి మాత్రం పూర్తిగా ఉన్నాడని డాక్టరు చెప్పాడు. ఆ ముక్క చెప్పకపోయినా బాగుండేది.

ఇల్లు షెడ్డుకి వెనకే. మధ్య గోడకి ఒక కిటికీ ఉంది, వదిన టీ గ్లాసులు అందించేది అందులోంచే. మంచం ఆ కిటికీ పక్కకి జరిపారు. పెద్దమేస్త్రి పొద్దస్తమానం అటే చూస్తాడు. అటు ఉన్నది ఆయన సొంత కారు. పాత డీజిల్ బండి, పాతసామాన్ల వాడి దగ్గర శవంలా పడి ఉంటే తెచ్చి ప్రాణం పోసుకున్నాడు. తమ్ముడి పెళ్ళి ఊరేగింపు దానిలోనే జరిగింది, ఆ తమ్ముడి పెళ్ళాం పోయినప్పుడు ఆవిణ్ణి సాగనంపిందీ దాన్లోనే. ఇప్పుడది ఇంజన్ పైమూత, అదే హెడ్డు, విప్పేసి, నోరు తెరుచుకుని, గుడ్డ కప్పుకుని పడి ఉంది.

పడిపోయే ముందు ఆయన చేస్తున్న పని అదే. బండి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది, ఆయిల్ చూస్తే పాలు పోసిన టీలా ఉంది. హెడ్ గాస్కెట్ పోయింది. అంటే కింద సిలిండర్లుండే బ్లాకుకీ పైన హెడ్డుకీ మధ్య పరిచే పలక. నిప్పుని నిప్పు దగ్గర, నీళ్ళని నీళ్ళ దగ్గర, నూనెని నూనె దగ్గర ఉంచేది అదే. అది పోతే అన్నీ కలిసిపోతాయి. విప్పి చూస్తే హెడ్డు వంగింది, బ్లాకు అంచు తుప్పు తినేసింది. రెండింటినీ లేతు దగ్గరికి పంపి నూరించి తెచ్చారు. పెద్దమేస్త్రి డయల్ గేజీ పెట్టి, పిస్టన్లు అంచు దాటి ఎంత పైకి లేస్తున్నాయో తానే కొలుచుకున్నాడు. "సరే, సామాను రేపు నేనే పోయి తెస్తా" అన్నాడు. ఎంత వచ్చిందో చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? ఎప్పుడు చెప్పాడు గనక! పాత గాస్కెట్ ఇంక పనికిరాదని తుక్కులో పారేశాడు. ఆ రేపు బూట్ల దగ్గరే ఆగిపోయింది.

మంచం మీద పడ్డాక ఆయన తినడం మానేశాడు. మానేశాడంటే, నోట్లో పెడితే పక్కకి కారిపోవడమే. వదిన బతిమాలింది, కోప్పడింది, చేతులు పట్టుకుంది. ఒకరోజు చిన్నమేస్త్రి ఊరికే, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "అన్నా, బండి సిలిండర్లు తుడిచి నూనె పట్టించా, తుప్పు పట్టకుండా" అన్నాడు. ఆ పూట పెద్దమేస్త్రి గిన్నెడు జావ తాగాడు. మర్నాడు మళ్ళీ ఏమీ చెప్పలేదు, మళ్ళీ తాగలేదు. వదినకి విషయం అర్థమైపోయింది. మరిదిని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఇదిగో అబ్బాయ్, ఆ బండి లేస్తేనే ఈయన లేస్తాడు. లేకపోతే ఇలాగే ఎండిపోయి పోతాడు నా కళ్ళముందు. నువ్వే చెయ్యాలి."

"నేనా?" అన్నాడు చిన్నమేస్త్రి.

"నువ్వు కాకపోతే మీ తాత లేచొస్తాడా చెయ్యడానికి? పిల్లా జెల్లా లేనిదాన్ని, ఆయన తప్ప నాకెవరున్నారు? ఇన్నేళ్ళు పక్కనే నిలబడ్డావు, ఆమాత్రం రాలేదా?"

పక్కన నిలబడితే పని వస్తుందని అందరూ అనుకుంటారు. అన్న వీపు ఎలా ఉంటుందో మాత్రం అతనికి బాగా వచ్చు.

హెడ్ గాస్కెట్లలో ఒక తిరకాసు ఉంది. ఒకే బండికి మూడు రకాలు వస్తాయి. చూడటానికి కవలపిల్లల్లా ఉంటాయి, మందంలో తేడా వెంట్రుకవాసి. ఏది ఏదో తెలియడానికి అంచున బెజ్జాలు కొడతారు. ఒక బెజ్జం ఉంటే పలచన, రెండుంటే మధ్యరకం, మూడుంటే మందం. పిస్టన్ ఎంత పైకొస్తే అంత మందంది వెయ్యాలి. మరీ మందమైతే ఒత్తిడి చాలక చలిపొద్దున బండి మొరాయిస్తుంది. మరీ పలచనైతే ఇంక చెప్పేదేముంది, ఇనుము వెళ్ళి ఇనుముకి కొట్టుకుంటుంది.

చిన్నమేస్త్రి డయల్ గేజీ పెట్టె తీశాడు. లోపల నీలం గుడ్డ పరిచిన పెట్టె అది. అన్న దాన్ని ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు. ఎప్పుడైనా ఇతను చెయ్యి చాపితే "వద్దురా బాబూ, నీ చేతిలో పడితే అది కూడా అబద్ధాలు నేర్చుకుంటుంది" అనేవాడు. షెడ్డంతా నవ్వేది, ఇతనూ నవ్వేవాడు. ఇప్పుడు నవ్వేవాళ్ళు లేకపోయినా, గేజీ తాకే ముందు చేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు. బ్లాకు మీద నిలబెట్టి, కింద పానాతో తిప్పుతూ, ఒక్కో పిస్టన్ పైకొచ్చినప్పుడల్లా ముల్లు ఎక్కడ ఆగిందో చూశాడు. మూడు బెజ్జాల లెక్కకి వచ్చింది. చెమట తుడుచుకుని మళ్ళీ కొలిచాడు, మళ్ళీ మూడుకే వచ్చింది. అంటే తప్పై ఉంటుంది అనుకున్నాడు. చూడండి మనిషి తీరు! రెండుసార్లూ ఒకేలా వస్తే ఎవడైనా ఒప్పని నమ్ముతాడు, ఇతను తప్పు కూడా గట్టిగానే చేస్తున్నానని నమ్మాడు.

సామాన్ల కొట్టాయన మెట్లెక్కి పై అరలోంచి దుమ్ము పట్టిన అట్టలు దించాడు.

"ఈ బండికి ఇంకెవడు అడుగుతున్నాడయ్యా! రెండు బెజ్జాలవి ఉన్నాయి. మూడుది ఇదొక్కటే మిగిలింది. కంపెనీ వాడు చెయ్యడం మానేసి చాలాకాలమైంది. కొలిచావా?"

"కొలిచాను."

"ఎంతొచ్చింది?"

"అన్నని అడగాలి."

కొట్టాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "కొలిచింది నువ్వు, అడిగేది ఆయన్నా?"

"రెండూ ఇవ్వు బాబాయ్, వాడనిది తెచ్చిచ్చేస్తా" అన్నాడు చిన్నమేస్త్రి తల దించుకుని.

ఇంటికొచ్చి రెండు గాస్కెట్లూ అన్న దుప్పటి మీద పరిచాడు. కొత్త సామాను వాసనకి పెద్దమేస్త్రి ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళలోకి వెలుగొచ్చింది. ఎన్నాళ్ళకి!

"అన్నా, బండికి ఏది వెయ్యమంటావ్? ఎన్ని బెజ్జాలది?"

పెద్దమేస్త్రి మొహం ఎర్రబడింది. మెడ నరాలు తేలాయి. దుప్పటి మీద చచ్చిన చేపలా పడున్న కుడిచెయ్యి కదిలింది. చూపుడువేలు లేచింది. దాని పక్కన నడిమివేలు, వంకరపోతూ, వణుకుతూ లేచింది. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ వచ్చి పిసికినా, పొగిడినా, బెదిరించినా కదలని వేళ్ళు!

"లేచాయి! అమ్మో, వేళ్ళు లేచాయి!" వదిన చేతిలో గిన్నె కింద పడేసి పరిగెత్తుకొచ్చింది. ఆ రెండు వేళ్ళూ రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. "చూశావా అబ్బాయ్, చూశావా! కదలవన్నారు, ఇంక ఆశ పెట్టుకోవద్దన్నారు. వాళ్ళ నోట్లో మన్ను పడ!"

పెద్దమేస్త్రి "బ్బ... బ్బా..." అంటున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి లాక్కోవాలని చూస్తున్నాడు, వదిన వదిలితేగా. చిన్నమేస్త్రి కూడా ఏడ్చాడు. సంతోషం అలాంటిది, ముగ్గురూ ఏడ్చేశారు.

"రెండా అన్నా? రెండు బెజ్జాలదేనా?"

తల అడ్డంగా ఊగింది. అది ఎప్పుడూ అలాగే ఊగేది కదా! నీళ్ళకీ అంతే, మజ్జిగకీ అంతే. రెండే అన్నాడని ఖాయం చేసుకున్నాడు. నిజం చెప్పాలంటే చిన్నమేస్త్రికి గుండెల మీంచి బండ దింపినట్టయింది. మూడని చెప్పింది గేజీ, అదీ తన చేతిలో. రెండని చెప్పింది అన్న. ఇంక ఆలోచించడానికి ఏముంది? సాయంత్రమే మూడు బెజ్జాలది కొట్టులో ఇచ్చేసి వచ్చాడు. "ఆయన రెండన్నాడా? అయితే రెండే" అన్నాడు కొట్టాయన కూడా, ఇంక ఏ అనుమానమూ లేకుండా.

ఆ రోజు నుంచీ పెద్దమేస్త్రి తీరు మారిపోయింది. వ్యాయామం అంటే మొహం తిప్పుకునే మనిషి, ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే పొద్దుటి నుంచీ ఆ చేతివంకే చూస్తూ, పళ్ళు బిగబట్టి వేళ్ళు ఎత్తుతూ కూర్చుంటున్నాడు. చూపుడువేలు, నడిమివేలు లేస్తాయి. ఉంగరపువేలు అదురుతుంది, లేవదు. మళ్ళీ మొదటికి. చెమటతో దిండు తడిసిపోయేది. "ఇంత పట్టుదల నేనెక్కడా చూడలేదు" అని ఆ వ్యాయామం అమ్మాయి మెచ్చుకుంది. వదిన అది వీధంతా చెప్పుకుని వచ్చింది. ఎడం చేతి మొద్దుతో కిటికీ గడప మీద టక్ టక్ టక్ అని కొడుతున్నాడని కూడా చెప్పింది. కొట్టినప్పుడల్లా నీళ్ళు తెచ్చేది, దిండు సర్దేది, కిందికి పాత్ర పెట్టేది. "ఏం కావాలో తిన్నగా చెప్పండి మహానుభావా, నన్ను చంపకండి" అని నవ్వేది. దాని ఇల్లు బంగారం కాను, ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళైంది!

షెడ్డులో చిన్నమేస్త్రి గాస్కెట్ పరిచి, హెడ్డు దించి, నడుమ నుంచి అంచులకి వరస తప్పకుండా బోల్టులు బిగించాడు. అంత అందంగా ఎప్పుడూ బిగించలేదు. పానా పెట్టి చేత్తో ఇంజన్ తిప్పి చూశాడు, ఎక్కడా తగల్లేదు. తగలదు మరి. చల్లగా ఉన్నప్పుడు, మెల్లగా తిప్పినప్పుడు ఆ వెంట్రుకవాసి చాలు. వేడెక్కి, వేగమెక్కితే ఇనుము సాగుతుంది, అప్పుడు కదా తెలిసేది.

బండి లేపే పొద్దున వదినా మరిదీ కలిసి పెద్దమేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి షెడ్డులోకి తెచ్చారు. ఇంజన్ ముందు, ఆయన ఎప్పుడూ నిలబడే చోటే పెట్టారు. వదిన ఆయనకి ఉతికిన చొక్కా తొడిగి తల దువ్వింది. ఆయన అటూ ఇటూ తల కొట్టుకుంటుంటే "ఆగండి, ఆగండి, ఎంత తొందర! మీ బండే కదా, ఎక్కడికీ పోదు" అని భుజం పట్టుకుంది.

చిన్నమేస్త్రి తాళం తిప్పాడు. స్టార్టరు మూలిగింది, దగ్గింది, నల్లటి పొగ ఒక్కసారి ఎగదన్నింది. బండి అందుకుంది. ఆ పాత చప్పుడు షెడ్డు రేకులన్నిటినీ అదిలించింది. స్టీరింగు మీద తల ఆనించి "అన్నా!" అన్నాడు ఒక్కసారి, తనకే వినపడనంతగా.

తల ఎత్తేసరికి అద్దంలోంచి అన్న కనపడ్డాడు. చెవి వంచి వింటున్నాడు, అచ్చం ఎప్పటిలాగే. కుడిచెయ్యి ఒళ్ళోంచి కదిలింది. మెల్లగా, తూలుతూ, పైకి లేస్తోంది.

చెయ్యి లేచింది, కాలు దిగింది.

వదిన గంతులేస్తోంది. నోరు కదులుతోంది గానీ ఆ హోరులో ఏమీ వినపడటం లేదు. చెయ్యి ఇంకా పైకి లేచింది, మొహం ఎత్తు దాటింది. చిన్నమేస్త్రి ఇంకా తొక్కాడు. అన్న నోరు తెరిచి అరుస్తున్నాడు. చెయ్యి తల దాటి, పాతరోజుల్లో కూడా ఎన్నడూ ఎత్తనంత ఎత్తుకి లేచింది. అన్న అడిగితే కాదంటాడా! నేలకి ఆనేదాకా తొక్కేశాడు.

టక్ అంది లోపల. తర్వాత టక్ టక్ టక్. కాలు తీసేలోపే ఏదో విరిగింది, విరిగింది వెళ్ళి ఇంకేదాన్నో నలిపింది, ఇంజన్ ఒక్క కుదుపుతో కొయ్యబారిపోయింది.

ఇప్పుడు వదిన మాటలు వినపడ్డాయి.

"మూడోది! మూడో వేలు కూడా లేచింది అబ్బాయ్! ఆ బండి సంగతి తర్వాత, ముందు ఇటు రా, ఈ చెయ్యి చూడు!"

చిన్నమేస్త్రి దిగాడు. పొగలో అన్న చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. మూడూ నిటారుగా ఉన్నాయి.

"ఏంటయ్యా అలా కొయ్యబొమ్మలా నిలబడ్డావ్? మూడు! చూస్తున్నావా?"

"చూస్తున్నా వదినా" అన్నాడు. "మూడే. మొదట్నుంచీ మూడే."

వదిన మొహంలో నవ్వు వెంటనే పోలేదు. మొగుడి వంక, మరిది వంక, ఆయిల్ కారుతున్న ఇంజన్ వంక చూసింది. కిటికీ గడప మీద ఆ టక్ టక్ టక్ గుర్తొచ్చి ఉంటుంది, ఉన్నచోటే నేల మీద కూలబడింది. పెద్దమేస్త్రి చెయ్యి అప్పుడు దిగింది. దించలేదు, పడిపోయింది.

హెడ్డు విప్పితే లోపల చూడటానికి ఏమీ మిగల్లేదు. వాల్వు తల తెగి పిస్టన్‌ని పొడిచేసింది, సిలిండరు గోడ నిలువునా చీలింది. ఆ బ్లాకు ఇంక తుక్కుకే. కొట్టాయన్ని అడిగినా, ఏ మహామేస్త్రిని పిలిచినా చేసేది ఏమీ లేదు. చిన్నమేస్త్రి చేతులు కూడా తుడుచుకోకుండా వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. అన్న గోడవైపు తిరిగి ఉన్నాడు. కిటికీ ఇటు ఉంది, ఆయన అటు ఉన్నాడు.

"తిట్టన్నా" అన్నాడు. "ఒక్కసారి తిట్టు. నీ కాళ్ళు పట్టుకుంటా."

మసి చేతులతోనే దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"నేను కొలిచానన్నా. రెండుసార్లు కొలిచా. నాకూ మూడే వచ్చింది."

ఆ మాటకి పెద్దమేస్త్రి తల తిరిగింది. తమ్ముడి మొహంలోకి చూశాడు. కోపమైతే బాగుండును, కోపం కాదు. ఇన్నేళ్ళుగా చూడని మనిషినెవర్నో చూసినట్టు, ఎక్కడో వదిలేసి వచ్చినదేదో ఇప్పుడు జ్ఞాపకం వచ్చినట్టు, చాలాసేపు చూశాడు. కళ్ళు నిండాయి. తర్వాత మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు.

వదిన జావ గిన్నె తెచ్చింది. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ తనే ఎత్తి చూసింది, వదలగానే అన్నీ వాలిపోయాయి. చెంచా పెదవులకి ఆనించి "ఒక్క గుక్క, నా కోసం" అంది. పెద్దమేస్త్రి నోరు తెరవలేదు. చిన్నమేస్త్రి లేచి వెళ్ళి షట్టరు దించేసి వచ్చాడు.